ఓర్కాల కోసం ఏ పడవ ఎక్కాలని అడిగేవాళ్లకు

వేసవి వచ్చిందంటే అమెరికాలో సియాటిల్ పక్కనున్న మా బాథెల్, రెడ్‌మండ్ చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారు, ఓర్కాలు చూపించాలి, ఏ పడవ బుక్ చేస్తే మంచిది?" నాకు ఈ ఓర్కాల మీద, అంటే కిల్లర్ వేల్స్ మీద, ఎంత ప్రేమో తెలిసినవాళ్లు నేరుగా ఫోనే చేస్తారు. పడవ వద్దు, ఒడ్డుకు వెళ్లండి అంటాను. వెళ్లేముందు కొన్ని రాత్రులు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సముద్రాన్ని వినండి అని కూడా అంటాను. ఎందుకో ఫోన్‌లో చెప్పాలంటే చాలా సేపు పడుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాది భీమిలి. అలల చప్పుడు వింటూనే పెరిగాను. ఇక్కడ నా ఉద్యోగం ఫోన్, వీడియో కాల్స్‌లో గొంతు ఎలా వినిపిస్తుందో పరీక్షించడం. పక్కన ఫ్యాన్ తిరుగుతున్నా, బస్సు హారన్ కొడుతున్నా అవతలి మనిషి మాట ఎంతవరకు దక్కుతుందో చూడాలి. రోజంతా హెడ్‌ఫోన్స్ చెవులకే ఉంటాయి. ఓ సహోద్యోగి "ఇది విను" అని ఓర్కాసౌండ్ లింక్ పంపాడు. అప్పటినుంచి ఆ శబ్దాలు నా జీవితంలో భాగమైపోయాయి.

ఓర్కాసౌండ్ అంటే నీటి అడుగున పెట్టిన మైకుల నెట్‌వర్క్. ఆ మైకుల్ని హైడ్రోఫోన్లు అంటారు. సియాటిల్‌కు ఉత్తరాన శాన్ వాన్ దీవి పడమటి ఒడ్డున కొన్ని, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ వైపు మరికొన్ని ఉన్నాయి. కొలరాడో కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన వాల్ వీర్స్, సముద్ర శాస్త్రం చదివిన ఆయన కొడుకు స్కాట్ వీర్స్ దీన్ని నిలబెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అవసరం లేదు. పేజీ తెరిచి హైడ్రోఫోన్ ఎంచుకుంటే చాలు, ఆ చోట నీళ్లలో ఏం మోగుతుందో కొన్ని సెకన్ల ఆలస్యంతో మన చెవిలో పడుతుంది. ఏదైనా వినిపిస్తే నొక్కడానికి ఒక బటన్ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ హ్యాకథాన్లలో వాలంటీర్లు తయారుచేసిన ఓర్కాహలో అనే ప్రోగ్రామ్ కూడా ఇరవై నాలుగు గంటలూ వింటూ, ఓర్కాలని అనుమానం వస్తే నిపుణులకు కబురు పెడుతుంది. అయినా ఆ బటన్ నొక్కే మనుషులు కావాలి. చెవికి అలవాటైన మనిషి హోరు మధ్యలోంచి పట్టుకునేవి ఇంకా చాలా ఉన్నాయని నా నమ్మకం.

మామూలు రాత్రి ఏమీ వినపడదు. నీళ్ల గలగల, కేబుల్‌కు ప్రవాహం తగిలే చప్పుడు, దూరంగా ఓడ దడదడ, అంతే. నేను మొదటిసారి ఓర్కాలను విన్నది నవంబర్‌లో, విడ్బీ దీవి దగ్గరి బుష్ పాయింట్ హైడ్రోఫోన్‌లో. ఇంట్లో అందరూ పడుకున్నారు. వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టి మర్నాటి డబ్బాలకు కూర తరుగుతున్నాను. ముందు టక్, టక్, టక్ అని. తర్వాత గదంతా నిండేలా ఒక పిలుపు. దాని వెంటనే దూరంగా అదే పిలుపు, ఇంకో గొంతుతో. కత్తి అక్కడే పెట్టేసి రికార్డింగ్ మొదలుపెట్టాను. శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో గీతలు చూస్తూ, పిలుపుల పట్టికతో పోల్చుకుంటూ తెల్లారేదాకా కూర్చున్నాను. ఎస్1 అనే పిలుపు పదేపదే వచ్చింది. ఎస్1 జె పాడ్ వాళ్లది. పాడ్ అంటే కలిసి తిరిగే ఓర్కా కుటుంబాల గుంపు.

ఇది ఎవరిదో ఎలా చెప్పగలం అంటే, దాని వెనక యాభై ఏళ్ల కష్టం ఉంది. 1970లలో కెనడాలో మైకేల్ బిగ్ అనే శాస్త్రవేత్త వీపు మీది రెక్క, దాని వెనకున్న బూడిదరంగు మచ్చ ఏ రెండు ఓర్కాలకూ ఒకేలా ఉండవని చూపించాడు. దాంతో ఒక్కొక్కదాన్నీ ఫొటోతో గుర్తుపట్టడం మొదలైంది. అమెరికా వైపు 1976 నుంచి కెన్ బాల్కోంబ్ ఏటా లెక్క తీశాడు. ఆయన అంతకుముందు నేవీలో సముద్ర శబ్దాలు వినే పనిలో ఉన్నవాడు. 2022 డిసెంబర్‌లో పోయేదాకా ఈ కుటుంబాల వెంటే ఉన్నాడు. జాన్ ఫోర్డ్ అనే ఆయన నీళ్లలోకి మైకు దించి ఏళ్ల తరబడి విని తేల్చింది ఏమిటంటే, ఒక్కో పాడ్‌కూ తనవైన పిలుపులు పది పదిహేను దాకా ఉంటాయి. పిల్లలు తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర విని నేర్చుకుంటాయి. చుట్టరికం ఎంత దగ్గరైతే పిలుపులు అంత కలుస్తాయి.

ఇక్కడి నీళ్లలో తిరిగే, చేపలు తినే ఓర్కాలను దక్షిణ రెసిడెంట్లు అంటారు. వాటిలో మూడు పాడ్‌లు: జె, కె, ఎల్. ఒక్కో పాడ్‌లో తల్లుల వరసన కుటుంబాలు. జె వాళ్ల ఎస్1 గట్టిగా, స్పష్టంగా ఉంటుంది. కె వాళ్లు ఎక్కువగా వాడే ఎస్16 సన్నగా మ్యావ్‌మంటుంది. ఎల్ వాళ్ల ఎస్19 చివర్లో పైకి లేస్తుంది. మూడూ కలిసినప్పుడు మాత్రం ఏ గొంతు ఎవరిదో పట్టుకోవడం కష్టం. ఈలలు, పిలుపులు, క్లిక్కులు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. అలా కలవడాన్ని సూపర్‌పాడ్ అంటారు. ఒకప్పుడు చాలాకాలం తర్వాత కలిసిన పాడ్‌లు ముందు ఎదురెదురుగా వరసలు కట్టి కాసేపు కదలకుండా ఉండి, ఆ తర్వాత ఒకదానిలో ఒకటి కలిసిపోయేవట. అది చూసినవాళ్ల మాటలు చదివినప్పుడల్లా నాకు ఆ భాగ్యం దక్కాలనిపిస్తుంది.

పిలుపుతో కుటుంబం దొరికిన ఓర్కా కథ ఒకటుంది. 2002 జనవరిలో సియాటిల్ పక్కన వాషన్ దీవి ఫెర్రీల దారిలో ఓ చిన్న ఓర్కా ఒంటరిగా కనిపించింది. రెండేళ్ల ఆడపిల్ల. చిక్కిపోయి ఉంది, చర్మం పాడైపోయింది, ఫెర్రీల చుట్టూ, నీళ్ల మీద తేలే దుంగల చుట్టూ తిరుగుతోంది. ఈ వయసు ఓర్కా తల్లి లేకుండా కనిపించడమే విడ్డూరం. ఎవరి పిల్ల అని తేల్చడానికి ఒంటి మీద గుర్తులతో పాటు దాని పిలుపులను రికార్డు చేసి విన్నారు. అవి ఇక్కడి మూడు పాడ్‌ల పిలుపులు కావు. వందల మైళ్ల ఉత్తరాన, కెనడాలో జాన్‌స్టోన్ జలసంధి దగ్గర తిరిగే ఉత్తర రెసిడెంట్లవి. అది ఏ73, అందరూ స్ప్రింగర్ అని పిలిచే పిల్ల. తల్లి చనిపోయింది. జూన్‌లో పట్టుకుని వలల మధ్య ఉంచి వైద్యం చేశారు. జూలైలో ఓడ మీద హాన్సన్ దీవి దగ్గరికి తీసుకెళ్లి, అక్కడా వలల ఆవరణలో పెట్టారు. హాన్సన్ దీవిలోనే పాల్ స్పాంగ్ 1970లో మొదలుపెట్టిన ఓర్కాల్యాబ్ ఉంది. అక్కడివాళ్లు దశాబ్దాలుగా హైడ్రోఫోన్లతో ఆ కుటుంబాల్ని వింటున్నారు. మర్నాడే బంధువులు ఆ దారిన వచ్చారు. వాళ్ల గొంతులు వినగానే ఆ పిల్ల గట్టిగా పిలుస్తూ వలకు మొహం ఆనించి తోసింది. వల తీశారు. మొదట కొన్ని రోజులు దూరదూరంగా తిరిగి, తర్వాత వాళ్లలో కలిసిపోయింది. 2013లో స్ప్రింగర్ తన మొదటి పిల్లతో కనిపించింది. 2017లో రెండోది పుట్టింది.

ఆ పిల్ల రెండేళ్లకే ఇంటి పిలుపులు నేర్చుకుంది. ఎవరూ బదులివ్వని నీళ్లలో నెలల తరబడి వాటినే పిలిచింది. వినేవాళ్లు లేకపోయి ఉంటే దాన్ని తీసుకెళ్లి ఏదో ఒక ట్యాంకులో పెట్టేవాళ్లేమో.

ఈ తీరంలోనే బిగ్స్ ఓర్కాలు అని వేరే రకం ఉన్నాయి. వీటిని ట్రాన్సియెంట్లు అని కూడా అంటారు. రెసిడెంట్లు చేపలు తింటాయి, అందులోనూ ఎక్కువగా చినూక్ సాల్మన్. బిగ్స్ సీల్స్‌ను, సీ లయన్లను, డాల్ఫిన్ల లాంటి పార్పాయిస్‌లను వేటాడతాయి. సీల్ చెవులు చురుకు కాబట్టి ఇవి నోరు మూసుకుని వస్తాయి. క్లిక్కులు కూడా దాదాపు ఉండవు. వేట పూర్తయ్యాక మాత్రం అరుపులే అరుపులు. చాలామంది పడవ మీంచి చూసి వచ్చేది ఈ మధ్య వీటినే. సీల్స్ బాగా పెరగడంతో ఇవీ పెరిగాయి. రెండు రకాలూ లక్షల ఏళ్లుగా ఒకదానితో ఒకటి జత కట్టలేదు. వీటిని వేర్వేరు జాతులుగా లెక్కించాలని 2024లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. నేను ఇక్కడ చెబుతున్న బాధంతా చేపలు తినేవాటి గురించి.

చేప తినే ఓర్కాకు చెవే కన్ను. ఇక్కడి నీళ్లు పచ్చగా, మసకగా ఉంటాయి, కాస్త లోతుకు పోతే చీకటే. క్లిక్ వదులుతుంది, అది వెళ్లి చేప కడుపులోని గాలితిత్తికి తగిలి వెనక్కి వస్తుంది. ఆ ప్రతిధ్వని తేడాను బట్టి సాల్మన్లలో కూడా చినూక్ ఏదో తెలుసుకోగలదని పరిశోధకులు అంటారు. హైడ్రోఫోన్‌లో ఈ వేట మొత్తం వినపడుతుంది, ఓపిక ఉండాలి అంతే. ముందు క్లిక్కులు తీరుబడిగా వస్తాయి. టక్, టక్, టక్. ఏదో దొరికినట్టుంది, వేగం పెరుగుతుంది. టకటకటక. చేప దగ్గరైన కొద్దీ విడివిడిగా వినపడటం మానేసి జుమ్మని ఒకే రొదగా మారిపోతాయి. ఆ రొద ఠక్కున ఆగిపోతుంది. దొరికిందా, తప్పించుకుందా, మనకు తెలియదు. నేను మాత్రం ఊపిరి బిగబట్టి ఉంటాను. కాసేపటికి మళ్లీ తీరుబడి క్లిక్కులు వినపడితే తప్పిపోయిందేమో అనుకుంటాను.

పోయినసారి మా అత్తయ్య తుని నుంచి వచ్చినప్పుడు శాన్ వాన్ దీవికి తీసుకెళ్లాం. దీవి పడమటి వైపు లైమ్ కిల్న్ పాయింట్ అని స్టేట్ పార్క్ ఉంది. 1919 నాటి లైట్‌హౌస్, దాని కింద నున్నటి రాళ్లు. ఒడ్డు పక్కనే నీళ్లు నిట్టనిలువుగా లోతుకు పోతాయి కాబట్టి ఓర్కాలు రాళ్లకు బాగా దగ్గరగా వచ్చేస్తాయి. ఎదురుగా హేరో జలసంధి, దాని అవతల కెనడా వాళ్ల వాంకూవర్ దీవి. ఎర్రటి బెరడు పొరలు పొరలుగా ఊడే మడ్రోనా చెట్టు కింద అత్తయ్యకు శాలువా కప్పి కూర్చోబెట్టాం. జూన్ నెల. తొమ్మిదయ్యేదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి తొందరేమీ లేదు. మా అమ్మాయి రాళ్ల మధ్య నీళ్లగుంటల్లో పీతలు చూస్తోంది.

వాటిని చూడకముందే ఊపిరి వినిపించింది. ఫూ... అని. కాస్త ఆగి ఇంకోటి. రాళ్ల మీదున్నవాళ్లంతా దక్షిణం వైపు తిరిగారు. లైట్‌హౌస్ మలుపు దాటి నల్లటి రెక్కలు ఒకటొకటిగా వచ్చాయి. ఒక పెద్ద రెక్క, దాని పక్కనే కొంచెం వంపు తిరిగిన చిన్న రెక్క, వెనకాల పిల్లతో ఇంకోటి. ఒడ్డు పక్కన నీళ్ల మీద తేలే కెల్ప్ నాచును రాసుకుంటూ పోతున్నాయి. నీళ్లలోంచి లేచిన వీపు మీద ఆ బూడిదరంగు మచ్చ, దాని మీద గీరుకున్న గుర్తులు కూడా కళ్లద్దాలు తీసేసిన నాకే కనిపించాయి.

"ఆ పెద్ద రెక్కది మగదా అమ్మా?" అంది అత్తయ్య.

"అవునత్తయ్యా. వయసొచ్చిన మగవాటికి ఆరడుగుల దాకా పెరుగుతుంది. ఆ పక్కనున్నది వాళ్లమ్మ అయి ఉంటుంది. ఈ ఓర్కాల్లో మగపిల్లలు కూడా బతికున్నంతకాలం తల్లిని వదలరు."

"మరి జత?"

"ఎక్కువగా వేరే కుటుంబాల ఆడవాటితో కలుస్తాయి. తర్వాత మళ్లీ అమ్మ దగ్గరికే వచ్చేస్తాయి. నలభై దాటాక ఆడవాటికి పిల్లలు పుట్టరు. అయినా ఇంకా ఎన్నో ఏళ్లు బతుకుతాయి. చేపలు తక్కువున్న ఏడాది ముందు నడిచేది ఆ పెద్దవాళ్లేనట. ఎక్కడ ఏం దొరుకుతుందో వాళ్లకే గుర్తుంటుంది."

అత్తయ్య ఆ మాటకు ఏమీ అనలేదు. ముందుకు వంగి ఆ చిన్న రెక్కనే చూస్తూ ఉండిపోయింది.

నేను ఫోన్‌లో అక్కడి హైడ్రోఫోన్ పెట్టి, ఒక ఇయర్‌బడ్ అత్తయ్య చెవికిచ్చాను, రెండోది నా చెవిలో. క్లిక్కులు, నడుమ పిలుపులు. ఎస్1 వచ్చినప్పుడు "ఇదిగో, ఇది వీళ్లింటి పిలుపు" అన్నాను. అత్తయ్య మొహం వెలిగిపోయింది. ఇంతలో జలసంధి మధ్యలో కంటైనర్ ఓడ ఒకటి ఉత్తరానికి వస్తూ కనబడింది. ఒడ్డు మీద దాని చప్పుడు లీలగా ఉంది, గాలి శబ్దమంత. చెవిలో మాత్రం ముందు గుయ్యిమని, తర్వాత నీళ్లన్నీ నిండేలా దడదడదడ. క్లిక్కులు దాని కింద మునిగిపోయాయి. పిలుపులు రెండు మూడు పైకి తేలాయి, ఆ పైన అవీ లేవు. ఓర్కాలు అక్కడే, మా కళ్ల ముందే ఉన్నాయి.

అత్తయ్య ఇయర్‌బడ్ తీసేసింది. "మా వీధిలో వినాయక చవితికి మైకులు పెట్టినప్పుడు పొయ్యి మీద కుక్కర్ విజిల్ కూడా వినపడదమ్మా. తొమ్మిది రోజులే కదా అని ఓర్చుకుంటాం. వీటికి రోజూ ఇంతేనా?"

రోజూ ఇంతే. వాంకూవర్ నగరం రేవుకు వచ్చే పోయే ఓడల్లో చాలావరకు హేరో జలసంధి దారిలోనే వెళ్తాయి. 2024 మేలో ట్రాన్స్ మౌంటెన్ చమురు పైపులైన్ విస్తరణ పూర్తయ్యాక ట్యాంకర్లు కూడా పెరిగాయి. ఓడల చప్పుడు బొంగురుగా, కిందిస్థాయిలోనే ఉంటుంది, ఓర్కాలు వాడేది పై స్థాయి కాబట్టి ఫరవాలేదని ఒకప్పుడు అనుకునేవారు. వీర్స్ తండ్రీకొడుకులు, జేసన్ వుడ్ కలిసి ఈ దీవి ఒడ్డు నుంచే వేల సార్లు ఓడలు దాటేటప్పుడు రికార్డు చేసి 2016లో ప్రచురించారు. దగ్గర్లో ఉన్నప్పుడు ఆ చప్పుడు ఓర్కాలు క్లిక్కులకు వాడే పై స్థాయిల దాకా పాకుతుందని తేలింది. చుట్టూ చప్పుడు ఒక డెసిబెల్ పెరిగితే ఓర్కా కూడా తన పిలుపును ఒక డెసిబెల్ పెంచుతుందని మార్లా హోల్ట్ బృందం అంతకుముందే చూపించింది. అరిచి అరిచి మాట్లాడాలన్నమాట, రోజంతా. వీపుకు అతుక్కునే ట్యాగ్‌లు పెట్టి చేసిన పరిశోధనల్లో ఇంకా బాధపెట్టే విషయం బయటపడింది. పడవలు దగ్గరగా ఉంటే ఇవి చేపల వేట తగ్గిస్తాయి. అందులోనూ ఆడవి ఎక్కువగా మానేస్తాయి. కడుపుతో ఉన్నదీ, పాలిచ్చేదీ కడుపు నింపుకోవాల్సిన వేళ పక్కకు తప్పుకుంటోంది.

జె35 అనే తల్లి ఓర్కా గుర్తుండే ఉంటుంది. 2018 జూలై 24న పుట్టిన పిల్ల కాసేపటికే చనిపోతే, ఆ తల్లి 17 రోజులు, దాదాపు 1,600 కిలోమీటర్లు ముక్కు మీద మోస్తూ తిరిగింది. ఆ ఫొటో మన తెలుగు పేపర్లలో కూడా వచ్చింది. 2020లో దానికి ఇంకో పిల్ల పుట్టి బతికింది. 2024 డిసెంబర్‌లో పుట్టిన ఆడపిల్ల మళ్లీ పోయింది. ఆ కొత్త సంవత్సరం రోజున ఆ తల్లి మళ్లీ మోస్తూ కనిపించింది. అందరం ఏడ్చాం. ఆ ఏడుపు అయ్యాక ఆలోచించాల్సింది తిండి గురించి, చప్పుడు గురించి. ఈ ఓర్కాల కడుపుల్లో చాలావరకు పిండాలు నిలవకుండా పోతున్నాయి. చినూక్ దొరకకపోవడమే దానికి పెద్ద కారణమని వాటి పెంటికలను పరీక్షించిన శాస్త్రవేత్తలు చెప్పారు. ఉన్న కాసిని చేపల్నీ వినలేకపోతే ఇంకెలా?

వీటి మీద మనుషుల దౌర్జన్యం ఇప్పటిది కాదు. 1970 ఆగస్టు 8న విడ్బీ దీవిలోని పెన్ కోవ్‌లో పేలుడు పదార్థాలు విసిరి, పడవలతో తరిమి, పిల్లల్ని తల్లుల నుంచి వేరుచేసి పట్టుకున్నారు. వలల్లో చిక్కి చచ్చిపోయినవి కొన్ని. ఆ రోజు పట్టుబడిన ఓ పిల్ల మయామీలో ఒకే ట్యాంకులో యాభై ఏళ్లకు పైగా ప్రదర్శనలిచ్చి 2023 ఆగస్టు 18న చనిపోయింది. టోకిటే దాని పేరు, లొలీటా అని కూడా పిలిచేవారు. అన్నేళ్ల తర్వాత కూడా అది ఎల్ పాడ్ పిలుపులే పిలిచేదని విన్నవాళ్లు చెప్పారు. ఈ ఓర్కాలను తమ చుట్టాలుగా భావించే ఇక్కడి ఆదివాసులు, లమ్మీ ప్రజలు, దాన్ని ఇంటికి తెప్పించాలని ఎంతో పోరాడారు. చివరికి దాని చితాభస్మం ఇక్కడి నీళ్లలో కలిపారు.

1995లో ఈ మూడు పాడ్‌లలో 98 ఉండేవి. 2005లో అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చారు. 2024 జూలై లెక్కలో 73.

మార్పు రావడం లేదని కాదు. వాంకూవర్ రేవు యాజమాన్యం 2017 నుంచి వేసవిలో హేరో జలసంధిలో ఓడలను వేగం తగ్గించమని అడుగుతోంది. చట్టం కాదు, స్వచ్ఛందం, అయినా ఎక్కువ ఓడలు పాటిస్తున్నాయి. వేగం తగ్గితే ప్రొపెల్లర్ చుట్టూ బుడగలు పేలడం తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. లైమ్ కిల్న్ హైడ్రోఫోన్‌లోనే ఆ తేడా కొలిచారు. శబ్దాలతో పనిచేసే మనిషిగా నాకు ఇది చాలా ముఖ్యం. చేపలు పెరగాలంటే నదులు బాగుపడాలి, ఎల్వా నది మీది రెండు డ్యాములు తీసేసినట్టు ఇంకా ఎన్నో జరగాలి, దశాబ్దాలు పడుతుంది. చప్పుడు మాత్రం ఇంజిన్ తగ్గించిన ఆ నిమిషమే తగ్గుతుంది. నూనె తెట్టులాగా నీళ్లలో మిగిలిపోదు. వాషింగ్టన్ రాష్ట్రం కూడా 2025 జనవరి 1 నుంచి దక్షిణ రెసిడెంట్లకు 1,000 గజాల దూరంలో ఉండాలని అన్ని పడవలకూ చట్టం పెట్టింది. అంత దూరం నుంచి పడవలో కూర్చుని చూసేది ఒక నల్లటి చుక్క. లైమ్ కిల్న్ రాయి మీద కూర్చున్న మా అత్తయ్యకు వీపు మీది గీతలు కనిపించాయి. అందుకే ఒడ్డుకు వెళ్లండి అనేది.

ఇక వెళ్లే దారి. అనకోర్టెస్ నుంచి శాన్ వాన్ దీవిలోని ఫ్రైడే హార్బర్ ఊరికి ఫెర్రీ. వేసవిలో కారుతో వెళ్లేవాళ్లు ముందే రిజర్వ్ చేసుకోవాలి, లేకపోతే లైన్‌లో పొద్దుపోతుంది. పెద్దవాళ్లుంటే ఒక రాత్రి దీవిలో ఉండండి, ఒక్క పూటలో పరుగెత్తితే ఓర్కాలు వచ్చే టైమ్‌కు మీరు తిరుగు ఫెర్రీలో ఉంటారు. ఊళ్లోని వేల్ మ్యూజియంలో ఈ కుటుంబాల వంశవృక్షాలు గోడ మీద చూసి, తర్వాత లైమ్ కిల్న్‌కు వెళ్తే అమ్మానాన్నలకు ఎవరు ఎవరో తెలుస్తుంది. జూలైలో కూడా గాలి చల్లగా కొడుతుంది, స్వెటర్ మర్చిపోవద్దు. చినూక్ తగ్గడంతో దక్షిణ రెసిడెంట్లు ఒకప్పటిలా వేసవంతా అక్కడ ఉండటం లేదు, వారాల తరబడి రాకపోవచ్చు. బిగ్స్ కనిపిస్తే అదీ గొప్పే.

జె, కె, ఎల్ వాళ్లే కావాలంటే అక్టోబర్, నవంబర్ నెలలు చూసుకోండి. చమ్ సాల్మన్ కోసం ప్యూజెట్ సౌండ్ లోపలికి వస్తాయి. అప్పుడు శాన్ వాన్ దాకా వెళ్లక్కర్లేదు. ఆల్కీ బీచ్, వాషన్ పక్కన పాయింట్ రాబిన్సన్, కింగ్‌స్టన్ దాటాక పాయింట్ నో పాయింట్, ఎక్కడ నిలబడినా అవకాశం ఉంటుంది. ఎక్కడ కనిపించాయో ఓర్కా నెట్‌వర్క్ అనే సంస్థ వాళ్లు ఎప్పటికప్పుడు పెడుతుంటారు. రాత్రి బుష్ పాయింట్ హైడ్రోఫోన్ పెట్టుకుని పడుకోండి. పిలుపులు వినపడి, తెల్లారేసరికి అవి దక్షిణానికి వస్తున్నట్టు కబురొస్తే, ఎడ్మండ్స్‌లో ఫెర్రీ ఎక్కి పాయింట్ నో పాయింట్‌కు చేరడానికి టైమ్ ఉంటుంది. నాకూ ఒక మెసేజ్ పెట్టండి, ఫ్లాస్క్‌లో టీ పోసుకుని నేనూ బయల్దేరతాను.